రెండు వందల గీత, రెండు పొయ్యిల ఇల్లు

విద్యుత్ శాఖలో ఉద్యోగం చేసినంత కాలం నన్ను ఎవరూ మనిషిగా చూడలేదు. పెళ్లికి వెళితే "కరెంటు మేడం వచ్చింది" అనేవారు. ఆ మాట పూర్తికాక ముందే ఎవరో ఒకరు బిల్లు తెచ్చి నా విస్తరి పక్కన, అప్పడం మీద పెట్టేవారు. ఒక పెళ్లిలో పెళ్లికొడుకే మూడో ముడి వేస్తూ నా వైపు తల తిప్పి, మీటరు స్పీడుగా తిరుగుతోందని వేలితో గాలిలో సున్నాలు చుట్టి చూపించాడు. నమ్మకపోయినా పర్వాలేదు. నేను చెప్పేదాంట్లో సగం తీసేసినా మిగిలింది ఉద్యోగానికి సరిపోతుంది.

ఈమధ్యే స్వచ్ఛంద విరమణ తీసుకున్నాను. యాభై దాటిన మోకాళ్లు నాంపల్లి మెట్లకు రాజీనామా ఇచ్చేశాయి. వాటి వెంట నేనూ ఇచ్చాను. సెక్షన్‌లో కొత్తగా చేరిన ఇంజనీర్లు, వెళ్లే ముందు పని గురించి ఏదైనా రాసివ్వమన్నారు. ప్రమోషన్ల గురించి రాయను, ఫైళ్ల గురించి అసలే రాయను. మా ఫైళ్లు ఒకదాని మీద ఒకటి పేరిస్తే వాటి మీదుగా గోల్కొండ కోట ఎక్కేయొచ్చు, కానీ ఎక్కి చూస్తే అవతల ఇంకో ఫైలే కనిపిస్తుంది. నేను చెప్పేది ఒక్కటే. కరెంటు ధర మారితే మీటరులో ఏం మారుతుందో కంప్యూటర్ చెబుతుంది. ఇంట్లో ఏం మారుతుందో మాత్రం మెట్లెక్కి చూసినవాళ్లకే తెలుస్తుంది.

గట్టు మీద నడక

ముందు కాస్త లెక్క చెప్పాలి. భయపడకండి, ఒక్క గుక్కలో అయిపోతుంది. మా దగ్గర కరెంటు ధర మొదటి నుంచీ మెట్ల లాగా ఉండేది. కొన్ని యూనిట్ల వరకు చవక, ఆపైన ఒక మెట్టు, ఆపైన ఇంకొంచెం ఎత్తు మెట్టు. జనం ఆయాసపడుతూ ఎక్కేవాళ్లు, తిట్టుకుంటూ దిగేవాళ్లు. ఈమధ్య తెల్ల రేషను కార్డు ఇళ్లకు కొత్త పద్ధతి వచ్చింది. నెలకు రెండు వందల యూనిట్ల లోపు వాడితే జీరో బిల్లు. ఒక్క యూనిట్ దాటినా మొత్తానికి మొత్తం కట్టాలి. మెట్లు పోయి గట్టు వచ్చిందన్నమాట. గట్టు మీద ఉన్నంతసేపు రాజు, అడుగు జారితే చెరువులో.

ఈ గీత పెట్టిన తర్వాత మా గల్లీల్లో రీడింగు రోజులు చూసి తీరాలి. మీటరు రీడింగు తీసే మనిషి వచ్చే రోజు దగ్గరపడే కొద్దీ ఊరు ఊరంతా దీక్ష పడుతుంది. ఫ్రిజ్‌లు ఆగిపోతాయి, వాటిలోని పాలు మొజంజాహీ మార్కెట్ ఐస్‌క్రీం దుకాణాల వైపు జాలిగా చూస్తుంటాయి. ఇస్త్రీ లేని చొక్కాలను బట్టి ఏ గల్లీలో రీడింగు ఎప్పుడో నేను బషీర్‌బాగ్ చౌరస్తాలో నిలబడి చెప్పేసేదాన్ని. ఒక ఇంట్లో అల్లుడు వచ్చాడని కూలర్ వేశారు. అత్తగారు మాత్రం మీటరు కింద కుర్చీ వేసుకుని కూర్చుంది. లోపల అల్లుడికి మర్యాద, బయట మీటరుకు కాపలా.

ఇక రీడింగు మనిషి యంత్రం నొక్కి, చీటీ చించి, పక్కింటి గడప తొక్కాడో లేదో, గల్లీలోని మిక్సీలన్నీ ఒక్కసారిగా లేస్తాయి. బారాత్ బ్యాండు కూడా సిగ్గుపడి పక్కకు తప్పుకోవలసిందే. దాచిపెట్టిన అల్లం వెల్లుల్లి అంతా ఆ పూటే నూరుతారు. చాదర్‌ఘాట్ దాకా ఆ ఘాటు కొట్టేదని నా అనుమానం.

కొత్తవాళ్లు ఇక్కడ ఒకటి గుర్తుపెట్టుకోవాలి. జీరో అంటే జనం విచ్చలవిడిగా వాడేస్తారని ఆఫీసుల్లో అంటుంటారు. గీతకు ఎంతో కింద ఉన్నవాడు నిజంగానే ఫ్యాను ఆర్పడు. గీత దాటేసినవాడు అంతకంటే పెద్ద దొర. ఎలాగూ పోయింది కదా అని ఆ నెల గీజరు నీళ్లతో స్కూటరు కడుగుతాడు. గీతకు ముక్కు ఆనించి నిలబడ్డవాడే అసలైన పొదుపరి. కాబట్టి ధర ఎంతో చూసి ఊరుకోకండి; ఆ ఇల్లు గీతకు ఎంత దూరంలో ఉందో చూడండి.

కుటుంబం 'ఏ'

మా పెద్దసారు చాలా చదువుకున్న మనిషి. నిద్రలో కూడా గోడ మీద లేజర్ లైటు ఎర్రచుక్క తిప్పేవారని వాళ్లావిడే చెప్పింది. మీటింగు పెడితే ముందు తెర దిగేది, తర్వాత ఒక వంకర గీత దిగేది, ఆ గీత పక్కన 'కుటుంబం ఏ' అని ఉండేది. ధర పెరిగితే కుటుంబం ఏ వాడకం తగ్గించుకుంటుంది, ధర తగ్గితే పెంచుకుంటుంది. అంత బుద్ధిమంతురాలైన కుటుంబాన్ని నేను నా సర్వీసులో ఒక్కసారైనా చూడలేదు.

ఒకసారి చెయ్యెత్తి, కుటుంబం ఏలో తగ్గించేది ఎవరు సార్ అని అడిగాను. కుటుంబమే అన్నారాయన. కుటుంబం స్విచ్ నొక్కదు సార్, ఎవరో ఒకరు నొక్కుతారు, ఇంకొకరు వచ్చి మళ్లీ వేస్తారు, కుటుంబం ఏలో అత్తగారు ఉన్నారా లేరా చెబితే మిగతా గీత నేను గీస్తాను అన్నాను. అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. కాసేపు ఆలోచించి, తెర మీద కుటుంబం ఏ పక్కన ఒక ప్రశ్నార్థకం పెట్టించారు. మంచి బాస్ ఎవరని అడిగితే నేను ఆ ప్రశ్నార్థకాన్నే చూపిస్తాను.

పోపుల డబ్బా పరీక్ష

గీత వచ్చిన మర్నాడే జనం ఉపాయం కనిపెట్టారు. ఒక మీటరు మీద రెండు వందలు దాటితే, ఇంటికి రెండు మీటర్లు పెట్టించుకుంటే సరి. అయితే ఊరికే ఇవ్వరు. వేరే వాటా, వేరే దారి, వేరే వంటిల్లు ఉండాలి. ఉన్నాయో లేవో చూసి రావడం నా పని. నా వెంట లైన్‌మన్ మల్లేశ్ వచ్చేవాడు. అతనిది మహబూబ్‌నగర్ వైపు. నవ్వకుండా నవ్వించడంలో స్తంభం ఎక్కినంత నేర్పరి.

దాంతో ఏనాడూ విడిపోని అన్నదమ్ములు కాగితాల మీద విడిపోవడం మొదలుపెట్టారు. మేము వచ్చే రోజుకు మేడ మీద ఒక వంటిల్లు పుట్టేది. పొయ్యి, సిలిండరు, నాలుగు గిన్నెలు, గడపకు ఇంత పసుపు. పొయ్యిలు కిరాయికి దొరికేవి. ఒక సొట్ట పొయ్యి నాకు ఎన్ని ఇళ్లలో ఎదురైందంటే, చివరికి అదే ముందుగా నన్ను పలకరించేది.

నాటకాన్ని పట్టుకోవడానికి నాకో పరీక్ష ఉండేది. పోపుల డబ్బా మూత తీసి చూసేదాన్ని. ఆవాలు ఆవాల్లాగా, జీలకర్ర జీలకర్రలాగా ఎవరి గిన్నెలో వాళ్లు బుద్ధిగా కూర్చుని ఉంటే అది నాటకం. ఆవాల్లోకి మినప్పప్పు వలస వెళ్లి, పసుపు అందరి మీదా పడి, చెంచా పిడికి నూనె జిడ్డు అంటుకుని ఉంటే అది సంసారం. కంపెనీలు ఇంతకంటే నమ్మకమైన మీటరు ఇంకా తయారు చెయ్యలేదు.

గొడుగుల వాళ్ల దరఖాస్తు

నాంపల్లి స్టేషన్ వెనక ఒక గల్లీలో పాండురంగం, విఠల్ అని అన్నదమ్ములు ఉండేవారు. ఆబిడ్స్‌లో ఒక కాంప్లెక్స్ మెట్ల కింద వాళ్లకు గొడుగుల దుకాణం. దుకాణమంటే, ఇద్దరూ ఒకేసారి ఊపిరి పీల్చితే గొడుగులు బయటికి రావలసినంత పెద్దది. వానాకాలం గొడుగులు, మిగతా ఏడాది సంచుల జిప్పులు. ఇల్లు మాత్రం తాత కట్టించినది, కింద ఒక వాటా, పైన ఒక వాటా. పైన విఠల్, అతని భార్య మంజుల, వాళ్ల పిల్లలు పడుకునేవాళ్లు. వంట, తిండి, టీవీ, పోట్లాట అన్నీ కిందే.

ఆ కింది వంటింటికి మహారాణి పాండురంగం భార్య సుగుణమ్మ. అత్తగారు పోయేటప్పుడు గరిటె ఆమె చేతిలో పెట్టి పోయింది. అప్పటికి విఠల్ బడికి పోయే పిల్లవాడు. అతనికి తల దువ్వింది, లెక్కలు రాకపోతే వీపు మీద వాయించింది, చివరికి పిల్లను చూసి పెళ్లి చేసింది కూడా ఆమే. ఇల్లంతా ఒక్క పొయ్యి మీద ఉడకడమే ఆమె జీవితానికి ఘనత.

ఎండాకాలంలో ఆ ఇల్లు గీత దాటింది. పాండురంగం రెండో మీటరుకు దరఖాస్తు పెట్టాడు. రేషను కార్డులు ముందే వేరు చేయించాడు, మేడకు బయటి నుంచి మెట్లు ఎలాగూ ఉన్నాయి. మిగిలింది వంటిల్లు. దాని సంగతి సుగుణమ్మే చూసుకుంది. పొయ్యి తెప్పించి పైన పెట్టించింది. కాగితం మీదనే వేరు, కంచంల ఒక్కటే అని ఆమె గల్లీ అంతా చెప్పి నవ్విందట. ఆ మాట చాయ్ దుకాణం దగ్గర మల్లేశ్ చెవిన పడి, అక్కణ్నుంచి నడుచుకుంటూ నా దగ్గరికి వచ్చింది.

మేము వెళ్లేసరికి సుగుణమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. ముఖం నిండా పండుగ పెట్టుకుని, "మేం ఏరువడ్డం మేడం. నిరుడే ఏరువడ్డం" అంది. విడిపోయిన సంగతి అంత సంతోషంగా చెప్పిన మనిషిని నేను కోర్టుల దగ్గర కూడా చూడలేదు. ఆమె వెనక పొయ్యి మీద అన్నం గిన్నె కనిపిస్తోంది. ఆ గిన్నె స్టేషన్‌లో పెడితే ఒక రైలు తిని, రెండో రైలుకు మిగులుతుంది.

మల్లేశ్ ఆ గిన్నెను చూసి, "అమ్మా, కింది వాటాకేనా గింత బువ్వ?" అని అడిగాడు.

"మా ఆయన మంచిగ తింటడు" అంది సుగుణమ్మ.

పాండురంగం గొడుగు కమ్మి అంత సన్నగా పక్కనే నిలబడి ఉన్నాడు. మల్లేశ్ అతన్ని కింది నుంచి పైదాకా చూసి, గోడ వైపు తిరిగి దగ్గాడు.

పై పొయ్యి

మెట్లెక్కుతుంటే నాకు ఫలితం తెలిసినట్టే అనిపించింది. పైన మంజుల తలుపు పక్కన నిలబడి ఉంది. మనిషి నెమ్మది. వరంగల్ వైపు నుంచి వచ్చిన కోడలు. నేను అలవాటు ప్రకారం పోపుల డబ్బా మూత తీశాను.

ఆవాల్లో మినప్పప్పు ఉంది. జీలకర్రలో మెంతులు ఉన్నాయి. పసుపు హోలీ ఆడి ఉంది. పొయ్యి వెనక గోడ మీద నూనె చుక్కలు నక్షత్రాల్లాగా మెరుస్తున్నాయి. చాయ్ జాలీ నల్లబడింది. మూలన ఒక మూకుడు మూత పెట్టి ఉంది. దాని చుట్టూ వాసన ఎలా తిరుగుతోందంటే, నేను ప్రభుత్వ పని మీద వచ్చానన్న సంగతి ముక్కు పూర్తిగా మర్చిపోయింది.

నా వెనకే వచ్చిన సుగుణమ్మ మూకుడు మూత తీసింది. సర్వపిండి. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, ఉల్లిగడ్డ కలిపి అడుగున ఎర్రగా కాల్చినది. ఆ ఇంట్లో ఎవరూ చెయ్యని వంటకం.

"గిదెప్పుడు జేసినవే?" అంది సుగుణమ్మ.

"రోజు జేస్తున్న అక్కా. పొయ్యి వచ్చిన కాడి నుంచి, పగటిపూట మీరు కండ్లు మూసుకున్నప్పుడు."

"ఎందుకు? కింద అన్నం సాలలేదా?"

మంజుల కొంగుతో పొయ్యి అంచు తుడిచింది. "అన్నం సాలింది అక్కా. పొయ్యి సాలలేదు."

మల్లేశ్ జోకుల మనిషే కానీ, ఆ మాటకు టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. సుగుణమ్మ మూత మళ్లీ పెట్టేసి కిందికి దిగిపోయింది. మెట్ల మీద ఆమె అడుగులంత గట్టి చప్పుడు మా ట్రాన్స్‌ఫార్మర్ పేలినప్పుడు కూడా నేను వినలేదు.

ఆమె వెళ్లాక మంజులను అడిగాను, నిజంగా వేరు పడతారా అని.

"ఏరువడుడు వద్దు మేడం. ఇల్లు ఇరగ్గొట్ట నేను" అంది. "పెండ్లయిన కాడి నుంచి ఏం వండాలెనో అక్కనే చెప్తది. మంచిగనే చెప్తది. ఉప్పెంత, కారమెంత, అన్ని ఆమెనే. నాకేం వండొస్తదో నేనే మరిచిపోతున్న. గీ పొయ్యి నాటకానికే వచ్చింది, నాకెరుకే. కానీ వచ్చింది కదా."

మేము కిందికి వచ్చేసరికి సుగుణమ్మ దారికి అడ్డంగా కూర్చుని ఉంది.

"మేడం, జర రిజెక్ట్ కొట్టుండ్రి."

నా సర్వీసులో మంజూరు చెయ్యమని ఏడ్చినవాళ్లున్నారు, మొక్కినవాళ్లున్నారు, సంచిలో మామిడిపళ్లు పెట్టి మర్చిపోయినట్టు నటించి వెళ్లినవాళ్లున్నారు. సొంత దరఖాస్తును కొట్టెయ్యమన్న మనిషిని అదే మొదటిసారి చూడడం. దరఖాస్తు మీదే కదమ్మా అన్నాను.

"మాదే. అబద్ధం జెప్పినం. ఏరువడలే మేం. గా పొయ్యి కిరాయిది, నేనే పెట్టించిన."

పైన వంట నిజంగానే జరుగుతోంది కదా అన్నాను.

"గదే మేడం నా బాధ" అంది. ఆమె గొంతులో గరిటె పట్టిన అధికారం లేదు. "నేను నాటకానికి పెట్టిన పొయ్యిల గామె నిజం నిప్పు పెట్టింది."

పాండురంగం మధ్యలోకి వచ్చి, బిల్లు జీరో వస్తది కదనే అన్నాడు.

"బిల్లు జీరో అయితది. ఇల్లు గూడ జీరో అయితది" అందామె.

అన్నదమ్ములిద్దరూ గొడుగులు అమ్మేవాళ్లే కానీ, ఆ వానకు వాళ్ల దగ్గర గొడుగు లేదు.

ఆఫీసుకు నడుస్తుంటే మల్లేశ్, "దావత్‌కి పిలిచి, తినకుండ్రి అన్నట్టున్నది మేడం" అన్నాడు. నేను నవ్వలేకపోయాను. నా సంతకం మీద ఒక వంటిల్లు ఉంటుంది, లేదా పోతుంది. నిబంధనల్లో ఇలాంటిదానికి అధ్యాయం లేదు. పిల్లలూ, మీకూ ఇలాంటి రోజు వస్తుంది. ఎవరు ఏడ్చారో, ఎవరు మొక్కారో పక్కన పెట్టి, అక్కడ ఏముందో అది రాయండి. నేను అదే రాశాను: వంటిల్లు ఉంది, వాడుకలో ఉంది. మంజూరు అయింది.

పెద్దసారు రిపోర్టు చదివి, రెండూ జీరో మీటర్లేనా, ఇక చూడండి, మేడ మీద కూడా కూలర్ తిరుగుతుంది అన్నారు. చూద్దాం సార్ అన్నాను.

కింది మీటరు

చూశాం. తిరిగింది కింది మీటరు.

కొన్నాళ్లకు సుగుణమ్మ ఆఫీసుకు వచ్చి ఫిర్యాదు రాసిచ్చింది, కింది మీటరు పరుగెడుతోందని. మేడ మీదికి రెండో మీటరు వచ్చాక కూడా కింది ఇల్లు గీత దాటింది, పూర్తి బిల్లు వచ్చింది. పాండురంగం తినడం మానేశాడట. అతను మానేస్తే గిన్నెకు తెలిసే అవకాశం లేదు కానీ, ఆమెకు తెలిసింది.

మేము వెళ్లాం. కింద అడుగుపెట్టగానే సంగతి నాకు అర్థమైంది. ఆ గదిలో కూలర్ తుపానులా తిరుగుతోంది, టీవీ మోగుతోంది, ఫ్రిజ్ తలుపు మూతపడే తీరిక లేకుండా చల్లనీళ్లు ఇస్తోంది. రెండు వాటాల పిల్లలూ అక్కడే, విఠల్ అక్కడే. ఇల్లంటే కిందదేనని నిరూపించడానికి సుగుణమ్మ ఇంటిని కాశ్మీరం చేసి పెట్టింది. ఎవరూ మెట్లెక్కకూడదు. పైన మాత్రం మంజుల, ఒక ఫ్యాను, ఒక మిక్సీ. ఆ మీటరు రోజంతా కునుకు తీస్తోంది. తోడికోడళ్ల మధ్య అవసరం మాటలే నడుస్తున్నాయి; కొత్తిమీర కావాలన్నా పిల్లలే రాయబారులు.

మా పద్ధతి ప్రకారం అనుమానం ఉన్న మీటరు పక్కన చెక్ మీటరు అని ఇంకోటి పెడతాం. రెండూ ఒకే లెక్క చూపిస్తే మీటరు మంచిదే. మల్లేశ్ అది బిగిస్తుంటే సుగుణమ్మ పక్కనే నిలబడింది.

నేను నెమ్మదిగా చెప్పాను. మీ మీటరు బాగానే ఉండొచ్చమ్మా. ఇంట్లోవాళ్లందరినీ కిందే కూర్చోబెడితే అందరి లెక్కా కిందే పడుతుంది. పైన రెండు వందల్లో సగం యూనిట్లు కూడా ఖర్చు కాలేదు. కింద ఏదో ఒకటి తగ్గించాలి, లేదా పైకి పంపించాలి.

"ఏం పంపాలె?" అంది అనుమానంగా.

అది నేను చెప్పను, మీ ఇల్లు మీ ఇష్టం అన్నాను. మల్లేశ్ పానా జేబులో పెట్టుకుంటూ, "మీరు పోవాలెనంటే గూడ పోవచ్చు అక్కా. మెట్లకు మీటరు లేదు" అన్నాడు. ఆమె అతన్ని చూసిన చూపుకు, స్తంభం మీద ఉంటే కిందపడి ఉండేవాడు.

తర్వాత జరిగింది మల్లేశ్ విడతలు విడతలుగా మోసుకొచ్చాడు. పోగొట్టుకునే రాజ్యాన్ని ఒక్కో జిల్లా చొప్పున వదులుకున్నట్టు వదిలిందామె. ముందు ఇస్త్రీ పెట్టె పైకి వెళ్లింది, పిల్లల చేతికిచ్చి. తర్వాత నానబెట్టిన పప్పు వెళ్లింది, రుబ్బుకుని రమ్మని. పప్పు మరీ పలచగా రుబ్బిందని కింద నుంచి కేక, గట్టిగా కావాలంటే పక్కన నిలబడి చెప్పాలక్కా అని పైనుంచి జవాబు. చివరికి సుగుణమ్మే గిన్నె పట్టుకుని మెట్లెక్కింది. పప్పు కోసమే ఎక్కింది, మిక్సీ ఆగగానే దిగింది. మర్నాడు మళ్లీ ఎక్కింది. తోడికోడలి ఇంటికెళ్లి పప్పు రుబ్బుకోవడం ఏ సెక్షన్ కింద నేరమో నేను వెతకలేదు, మీరూ వెతకవద్దు.

చెక్ మీటరు విప్పడానికి మేము వెళ్లేసరికి వానలు మొదలయ్యాయి. అన్నదమ్ములిద్దరూ మెట్ల కింద దుకాణంలో తలమునకలుగా ఉన్న రోజులు. రెండు మీటర్లూ ఒకే లెక్క చూపించాయి. సుగుణమ్మ మీటరులో ఏ దోషమూ లేదు. కింది ఇల్లు ఆ నెల గీతకు ఇవతలే నిలబడింది.

పెద్దసారు ఆ తర్వాత ఆసక్తిగా అడిగారు, మొత్తం మీద ఆ ఇంటి వాడకం పెరిగిందా, తగ్గిందా అని. అటూ ఇటూగా అంతే ఉంది సార్ అన్నాను. మరి మన ధర వల్ల ఏం మారింది అన్నారు. ఎవరు ఎవరి దగ్గర కూర్చుంటున్నారన్నది మారింది సార్ అని చెప్పాను. తర్వాతి మీటింగులో తెర మీద కుటుంబం ఏ రెండు అంతస్తులుగా కనిపించింది. మధ్యలో ఒక మెట్ల బొమ్మ. గీయించింది ఆయనే.

మీటరు లెక్కలన్నీ కంప్యూటరుకు అప్పగించండి, అది మీకంటే బాగా చూస్తుంది. మీరు మాత్రం మెట్లెక్కడం మానకండి. ధర వేసేది మనమే అయినా, దానికి అర్థం చెప్పుకునేది ఆ ఇల్లే. మనం ఊహించని అర్థమే చెప్పుకుంటుంది, చాలాసార్లు మనకంటే మంచి అర్థం.

చెక్ మీటరు విప్పిన ఆ రోజు కింది తలుపు దగ్గరగా వేసి ఉంది. కూలర్ లేదు, టీవీ లేదు. పైనుంచి నూనె చిటపటలు వినిపించాయి. మీటరు కాగితం మీద సుగుణమ్మ సంతకం కోసం మెట్లెక్కాను.

మంజుల పొయ్యి ముందు నిలబడి బియ్యప్పిండి కలుపుతోంది. సుగుణమ్మ నేల మీద కత్తిపీట ముందు కూర్చుని ఉంది. పక్కన ఉల్లిగడ్డల గిన్నె. నన్ను చూసి కూర్చోమని సైగ చేసింది కానీ, ఆమె చూపు మంజుల వీపు మీదే ఉంది. ఎప్పుడూ చెప్పడమే తప్ప అడగడం తెలియని మనిషి. ఒక ఉల్లిగడ్డ పొట్టు తీసి, కత్తిపీట దాకా తెచ్చి ఆపింది.

"మంజులా, ఉల్లిగడ్డ ఎట్ల తరగాలె? పెద్దగనా, సన్నగనా?"

మంజుల చెయ్యి పిండిలో ఆగిపోయింది. ఆ ఇంట్లోకి వచ్చిన తర్వాత ఆమెను ఎవరూ అలాంటి ప్రశ్న అడిగి ఉండరు. మీ ఇష్టం అక్కా అంటుందేమో అనుకున్నాను. పెదవుల దాకా అదే వచ్చినట్టుంది, వెనక్కి వెళ్లింది.

"సన్నగ అక్కా."

సుగుణమ్మ ఒక ఉల్లిగడ్డ తరిగి, అరచేతిలో పెట్టి పైకెత్తి చూపించింది.

మంజుల వంగి చూసింది. "ఇంకా జర సన్నగ."

సుగుణమ్మ తల వంచుకుని ఇంకా సన్నగా తరగడం మొదలుపెట్టింది.